ఉక్కు స్లాగ్: ఆరుబయట మగ్గబెట్టాలా, ఆవిరి పట్టించాలా?

కరిగిన ఇనుములోకి ఆక్సిజన్ ఊది ఉక్కు చేసే ఎల్‌డీ కన్వర్టర్‌లో మిగిలే వ్యర్థమైన స్లాగ్ గడ్డను పగలగొడితే అక్కడక్కడ తెల్లని సున్నపు చుక్కలు కనిపించవచ్చు. రోడ్డు కింద పరిచాక తేమ తగిలితే ఆ సున్నం దాదాపు రెట్టింపు ఘనపరిమాణానికి ఉబ్బి, పైనున్న తారు పొరను చీలుస్తుంది. అందుకే వాడకముందే ఆ సున్నాన్ని నీటితో చర్య జరిపించి ఉబ్బనివ్వాలి.

కుప్పలు పోసి నీళ్లు చల్లుతూ ఆరుబయట వదిలేయడం చౌకే, కానీ దానికి నెలల కాలం, విశాలమైన స్థలం కావాలి, పైగా కుప్పల నుంచి కారే క్షారజలాన్ని నేలలో ఇంకనివ్వకుండా పట్టి శుద్ధి చేయాలి.

జపాన్‌లో వాడుకలో ఉన్న ఆవిరి పద్ధతిలో ఈ పని రోజుల్లో, అధిక పీడన పాత్రలో అయితే గంటల్లోనే పూర్తవుతుంది. ఇంధన ఖర్చు మాత్రం తప్పదు.

మెగ్నీషియా (మెగ్నీషియం ఆక్సైడ్) ఎక్కువున్న స్లాగ్‌కు నేను ఆవిరినే ఎంచుకుంటాను, ఎందుకంటే మెగ్నీషియా సున్నం కంటే చాలా నెమ్మదిగా నీటితో చర్య జరిపి, ఆరుబయట నెలలు గడిచినా లోపల మిగిలిపోగలదు. ఏ పద్ధతిలోనైనా వ్యాకోచ పరీక్షలో నెగ్గని స్లాగ్‌ను యార్డు దాటనివ్వకూడదు.