బ్లూగ్రాస్ వాళ్ళకి పాట నేర్పిన ఊళ్ళు: కెంటకీ, వర్జీనియా

నాష్‌విల్ నుంచి కెంటకీలోని ఓవెన్స్‌బొరోకి కారులో రెండు గంటల దారి. అక్కడ ఒహాయో నది ఒడ్డున బ్లూగ్రాస్ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్ ఉంది, ఇప్పటి భవనం 2018లో తెరిచారు. బ్లూగ్రాస్ అంటే అమెరికా దక్షిణాది పల్లెల్లోంచి వచ్చిన తీగవాయిద్యాల సంగీతం. బాంజో, మాండొలిన్, ఫిడిల్ వాయిద్యాల కథ తెలియని పిల్లల్ని తీసుకెళ్తే ఇక్కడే మొదలుపెట్టడం మంచిది. శుభ్రంగా, ఓపిగ్గా వివరించి ఉంటుంది. నా ఆసక్తి మాత్రం వేరు. ఈ బ్లూగ్రాస్ మహానుభావులకి చిన్నప్పుడు ఎవరు నేర్పారు? ఆ సంగతి ఏ ఊళ్ళో బాగా తెలుస్తుందో చూడాలని నా కోరిక.

తెలిసింది రోజీన్‌లో. ఓవెన్స్‌బొరో నుంచి ముప్పావుగంట దూరంలో చిన్న పల్లె. బ్లూగ్రాస్‌కి ఆద్యుడు బిల్ మన్రో 1911లో పుట్టాడు, చిన్నప్పుడు పెరిగిన ఇల్లు దగ్గర్లోని జెరూసలెం రిడ్జ్ అనే కొండ మీద ఉంది. ఎనిమిది మంది పిల్లల్లో ఆఖరివాడు, చూపు సరిగ్గా ఆనేది కాదు. ఫిడిల్, గిటారు అన్నలు తీసేసుకుంటే ఇతనికి మాండొలిన్ మిగిలింది. అదీ మరీ గట్టిగా మోగకుండా ఎనిమిది తీగల్లో నాలుగు తీసేయమన్నారట! పదేళ్ళకే తల్లి పోయింది, పదహారేళ్ళకి తండ్రి. ఆ తర్వాత చేరదీసింది మేనమామ పెండిల్టన్ వాండివర్. ఆయన ఊరూరా డాన్సులకి ఫిడిల్ వాయించేవాడు, వెనక గిటారు పట్టుకుని మేనల్లుడు. మన్రో తాళం పట్టు అక్కడిదే. ఇంకొకరు ఆర్నాల్డ్ షుల్ట్జ్ అనే నల్లజాతి గిటారిస్టు. బొగ్గు గనుల్లో పనిచేసేవాడు, ఫిడిల్ కూడా వాయించేవాడు. మన్రో పాటల్లో వినిపించే బ్లూస్ (నల్లజాతివాళ్ళ పాటల) జీర చాలావరకు ఆయన చలవే. 1931లో పోయాడు. ఆయన వాయించింది ఒక్కటీ రికార్డు కాలేదు. ఈ ప్రాంతానికి వెళ్ళి ఆయన గురించి అడగకుండా రావద్దు.

శుక్రవారం రాత్రి వెళ్తే రోజీన్ బార్న్‌లో జామ్ (అందరూ కలిసి అప్పటికప్పుడు వాయించడం) వినొచ్చు. చలికాలంలో ఉండదు. టికెట్ లేదు, తోచినంత ఇవ్వడమే. ఊళ్ళో బస మాత్రం లేదు, బీవర్ డామ్‌లోనో ఓవెన్స్‌బొరోలోనో దిగాలి. మేం హైవే పక్కన చౌకగా దొరికిందని ఒక మోటెల్‌లో దిగాం. రాత్రంతా ఏసీ గుర్రు. రూము మార్చమంటే డెస్క్ దగ్గర కుర్రాడు "అన్నీ అంతే సార్" అన్నాడు. ఇంకో నలభై డాలర్లు పోయినా సరే, ఓవెన్స్‌బొరోలో నది పక్కనే తీసుకోండి. తిండి సంగతి: ఆ ఊరు మటన్ బార్బెక్యూకి పేరుమోసింది, మనవాళ్ళకి పండగే. శాకాహారులు మాత్రం చిక్కుడు కూర అని నమ్మి తినకండి, పంది మాంసం వేసి ఉడికించడం అక్కడ మామూలు.

వర్జీనియా వైపు దారి పొడవు ఎక్కువ, పైగా టైమ్ జోన్ మారి ఒక గంట పోతుంది. బ్రిస్టల్‌లో స్టేట్ స్ట్రీట్‌కి ఒకవైపు టెనెసీ, రెండోవైపు వర్జీనియా. ఎ.పి. కార్టర్, భార్య సారా, మరదలు మేబెల్ కలిసి పాడే బృందం కార్టర్ కుటుంబం. 1927 వేసవిలో రికార్డు కంపెనీ మనిషి రాల్ఫ్ పియర్ ఇక్కడే వాళ్ళని మొదటిసారి రికార్డు చేశాడు. మ్యూజియం చక్కగా ఉంది, కానీ సాయంత్రం అక్కడే గడిపేయకుండా హిల్టన్స్ వెళ్ళండి. అరగంట దారి. క్లించ్ కొండ కింద కార్టర్ ఫోల్డ్ అనే కచేరీ శాల ఉంది. ఎ.పి. కార్టర్ కూతురు జానెట్ 1974లో మొదలుపెట్టింది. శనివారం రాత్రి కచేరీ. మద్యం ఉండదు, ఎలక్ట్రిక్ వాయిద్యాలు ఉండవు. తాతలు, మనవలు కలిసి చెప్పులు టకటకలాడిస్తూ గెంతుతుంటారు. సీటు అంత సుఖంగా ఉండదు, దిండు ఉంటే పట్టుకెళ్ళండి. సిగ్నల్ నమ్మొద్దు, మ్యాప్ ముందే దించుకోండి, కాస్త నగదు కూడా ఉంచుకోండి.

ఇక్కడా షుల్ట్జ్ లాంటివాడు ఒకడున్నాడు, లెస్లీ రిడిల్. ఎ.పి. కొండల్లో పాటలు ఏరుకుంటూ తిరిగినప్పుడు మాటలు తను రాసుకునేవాడు, బాణీ గుర్తుపెట్టుకునేది ఈ నల్లజాతి గిటారిస్టు. మేబెల్ కార్టర్ కూడా ఆయన చేతి వాటం చూసి నేర్చుకుంది. రికార్డుల మీద పేరు మాత్రం కార్టర్లదే.

క్లింట్‌వుడ్‌లోని, బాంజో వాయిస్తూ పాడిన రాల్ఫ్ స్టాన్లీ పేరున్న మ్యూజియానికి కొండ మలుపుల్లో గంటకు పైనే పడుతుంది, కడుపులో తిప్పేవాళ్ళు ఆలోచించుకోవాలి. నాకైతే ఆ ఒక్క కథ కోసమైనా వెళ్ళొచ్చు అనిపించింది: అయిదు డాలర్లు పెట్టి పంది పిల్లని కొనమంటావా, బాంజోనా అని తల్లి లూసీ అడిగితే, కుర్రాడు బాంజో కోరుకున్నాడు. వాయించడం నేర్పిందీ ఆవిడే. గొంతు మాత్రం వాయిద్యాలే లేని ప్రిమిటివ్ బాప్టిస్ట్ చర్చిలో, పెద్దాయన ఒక చరణం అందిస్తే అందరూ అందుకునే పాటల్లో తయారైంది. బయల్దేరే ముందు ఫోన్ చేసి తెరిచి ఉందో లేదో కనుక్కోండి.

నార్త్ కరోలినాలో షార్లట్ వైపు ఉన్నవాళ్ళకి ఇంత తిరుగుడు అక్కర్లేదు. గంట లోపు షెల్బీ చేరితే పాత కోర్టు భవనంలో బాంజో విద్వాంసుడు ఎర్ల్ స్క్రగ్స్ పేరున్న సెంటర్ ఉంది, మధ్యాహ్నం భోజనం చేసుకుని వెళ్ళినా సాయంత్రానికి ఇంట్లో ఉండొచ్చు.