అనంతపురంలో ఒక ఎన్నికల ప్రచార దుకాణం: చేయించుకున్న పని, అంటగట్టబోయిన పని

స్థానిక ఎన్నికల మాట రచ్చకట్టల మీద మళ్లీ వినిపిస్తున్నది కనుక, 2021 పంచాయతీ ఎన్నికల సమయంలో అనంతపురం పట్టణంలో మేము డబ్బు చెల్లించి వాడుకున్న ఒక ప్రచార సేవ గురించి, అటువంటి దుకాణం మెట్లు ఎక్కబోయేవారికి ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను. దుకాణం పేరు రాయడం లేదు. ముద్రణకు, మైకు ఆటోకు ఐదింటికి నాలుగు మార్కులు ఇస్తాను. ఆ రెండింటి పక్కనే, అదే బల్ల మీద, అదే గొంతుతో వారు అమ్మజూపిన మూడో సరుకుకు మార్కులు వేయడానికి కూడా నా మనసు ఒప్పదు. ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ మూడో సరుకు గురించే.

మా చెల్లెలి కూతురు అనంతపురం డివిజన్‌లోని మా ఊరి సర్పంచ్ పదవికి పోటీ చేసింది. స్థానం మహిళలకు రిజర్వు అయింది, ఆమె అప్పటికే డ్వాక్రా సంఘం లెక్కలు చూస్తూ ఊరిలో అందరికీ తెలిసిన మనిషి. మా డివిజన్‌కు మూడో విడతలో, ఫిబ్రవరి 17న పోలింగ్. నామినేషన్ల ఉపసంహరణ 12న ముగిసింది. అంటే పోటీలో ఎవరున్నారో, ఎవరికి ఏ గుర్తు వచ్చిందో తేలిన తరువాత మిగిలింది నాలుగైదు రోజులు మాత్రమే. పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు కనుక, ఎన్నికల సంఘం కేటాయించిన ఆ కొత్త గుర్తును ఆ కొద్ది రోజుల్లోనే ప్రతి గడపకూ పరిచయం చేయాలి. ఈ తొందరే పల్లెల అభ్యర్థులను పట్టణంలోని ప్రచార దుకాణాల వైపు నడిపిస్తుంది. కరపత్రం ఒకచోట, ఫ్లెక్సీ మరొకచోట, పాట ఇంకొకచోట చేయించుకునే తీరిక ఎవరికీ ఉండదు. అన్నీ ఒకేచోట చేసిపెడతామనే మాటకు అందుకే అంత గిరాకీ.

దుకాణం సప్తగిరి సర్కిల్‌కు నడిచి వెళ్లగలిగినంత దూరంలో, ఒక మేడ మీద ఉంది. ముందు గదిలో డీటీపీ చేసే ఇద్దరు కుర్రవాళ్లు, వెనుక గదిలో పాటలు, మాటలు రికార్డు చేసే ఏర్పాటు. నేను తెలుగు ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసినవాణ్ణి కనుక ప్రూఫు దిద్దే పని నా మీద పడింది. ఆ కుర్రవాళ్ల ఓపికను మెచ్చుకోవలసిందే. అను ఫాంట్లలో ఒత్తులు చెదిరిన చోటల్లా, ‘అభ్యర్థి’ని ‘అభ్యర్ధి’ అని కొట్టిన చోటల్లా నేను మూడుసార్లు గుర్తులు పెట్టి వెనక్కి పంపితే, మూడుసార్లూ విసుగు లేకుండా సరిచేశారు. రెండు వేల కరపత్రాలకు పంతొమ్మిది వందల రూపాయలు తీసుకున్నారు, చెప్పిన సాయంత్రానికే కట్టలు కట్టి చేతికిచ్చారు. మైకు ఆటోకు మాట రికార్డు చేసిన అమ్మాయి ఉచ్చారణ మా సీమ యాసకు దగ్గరగా, చెవికి హాయిగా ఉంది. ఆటో డ్రైవరు కూడా బడి దగ్గరికి రాగానే మైకు ఆపాలని మేము చెప్పనవసరం లేకుండానే ఆపాడు. ఇంతవరకు లోపం ఎంచడానికి ఏమీ లేదు.

లోపం లెక్క కట్టే సమయంలో బయటపడింది. రేట్ల కాగితం మీద లేని ఒక అంశాన్ని యజమాని నోటితో చెప్పాడు. దాన్ని ఆయన ‘స్పెషల్’ అన్నాడు. పోలింగ్‌కు ముందు రాత్రి ఎదుటి అభ్యర్థి మీద పేరు లేని కరపత్రం ఒకటి ఇళ్ల ముంగిళ్లలో పడుతుంది, ఊరి వాట్సాప్ గ్రూపుల్లోకి బయటి నంబర్ల నుంచి ఒక ఫొటో, ఒక గొంతు రికార్డు వెళ్తాయి, ఎవరు చేశారో ఎవరికీ తెలియదు అని వివరించాడు. తరువాత చాలా మామూలుగా, పెళ్లి పత్రికకు ముహూర్తం అడిగినట్టుగా, “వాళ్లింట్లో ఏమైనా ఉందా సార్, ఆడపిల్లల విషయం కానీ, అప్పుల విషయం కానీ?” అని అడిగాడు. ఏమీ లేకపోతే ‘తయారు చేస్తాం’ అని కూడా అన్నాడు. ఆ ఒక్క క్రియాపదం దగ్గర నేను కుర్చీలోంచి లేచాను. మా పెద్దలు ఆకాశరామన్న ఉత్తరం అనేవారే, అది ఇప్పుడు ధర కట్టిన సేవగా మారి నా ముందు కూర్చుంది.

నేను వద్దని చెప్పి వచ్చేశాను. కానీ మా మేనల్లుడు, వయసు వేడిలో ఉన్నవాడు, నాకు తెలియకుండా మరునాడు వెళ్లి ఐదు వేలు అడ్వాన్సు ఇచ్చి వచ్చాడు. వాడి వాదన వాడిది. “వాళ్లు మనమీద వేస్తారు మామా, మనం ముందే వేయకపోతే ఓడిపోతాం” అన్నాడు. ఆ రాత్రి ఇంట్లో చాలాసేపు మాట్లాడుకున్నాం. చివరికి మా మేనకోడలే, ఎదుటి అభ్యర్థి కూతురు తన దగ్గరే కుట్టుపని నేర్చుకున్నదని, ఆ పిల్ల పేరు కాగితం మీద చూసిన రోజు తాను ఆ వీధిలో నడవలేనని చెప్పింది. ఉదయమే ఫోన్ చేసి ఆర్డరు రద్దు చేయించాను.

ఇక్కడ చట్టం ఏమంటుందో చెప్పాలి, ఎందుకంటే ఆ దుకాణంలో దాని ప్రస్తావనే రాలేదు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 127-ఎ సెక్షన్ ప్రకారం ఎన్నికల కరపత్రం మీద ముద్రాపకుని పేరు, ప్రచురణకర్త పేరు, ఇద్దరి చిరునామాలు ఉండి తీరాలి. ప్రచురణకర్త తానెవరో తెలిపే ప్రకటన మీద సంతకం చేసి, తనను వ్యక్తిగతంగా ఎరిగిన ఇద్దరితో ధ్రువీకరింపజేసి ప్రెస్సుకు ఇవ్వాలి. ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ సెక్షన్ లోక్‌సభ, శాసనసభ ఎన్నికలకు సంబంధించినదే అయినా, ఇటువంటి కట్టడే మన పంచాయతీ ఎన్నికలకూ ఉంది. కరపత్రం అడుగున చీమంత అక్షరాలతో కనిపించే ఆ ఒక్క వరుస ఓటరుకు ఇచ్చిన హామీ. ఈ మాట అన్నవాడు ఒకడున్నాడు, వాడి ఇల్లు ఇక్కడుంది, అబద్ధమైతే వెళ్లి నిలదీయవచ్చు అని అది చెబుతుంది. మా కరపత్రం మీద ఆ వరుస వేశారు. ‘స్పెషల్’ అనే సరుకు విలువంతా ఆ వరుసను తీసివేయడంలోనే ఉంది.

పోలింగ్‌కు రెండు రోజుల ముందు, 15వ తేదీ తెల్లవారేసరికి మా మేనకోడలి మీద కరపత్రం పడింది. ఆమె భర్త బెంగళూరులో ఉద్యోగం చేస్తాడు. 2020 లాక్‌డౌన్‌లో ఆమె పిల్లలతో ఊరికి వచ్చి, అత్తగారి ఆరోగ్యం కోసం ఇక్కడే ఉండిపోయింది. ఊరందరికీ తెలిసిన ఈ సంగతిని తిప్పి, భర్త వదిలేసిన మనిషికి ఊరి పెత్తనమా అని మొదలుపెట్టి, నేను తిరిగి రాయలేని మాటలతో ముగించారు. అడుగున ఎవరి పేరూ లేదు. పప్పుశనగ కోతకు బయలుదేరిన కూలీలు దాన్ని చేతుల్లో పట్టుకుని నిలబడిపోయారు. చదవడం రాని ఒక ముసలామె అందులో ఏముందో చదివి చెప్పమని మా చెల్లెలి దగ్గరికే తెచ్చింది.

నేను ఆ కాగితాన్ని చాలాసేపు చూశాను. మా కరపత్రం చుట్టూ ఉన్న పూల అంచే దీని చుట్టూ ఉంది, కాగితం సైజు అదే, ‘అభ్యర్ధి’ అనే తప్పు మూడు చోట్ల అలాగే ఉంది. ఆ తప్పు సగం తెలుగు పత్రాల్లో కనిపించేదే కనుక అదొక్కటే రుజువు కాదని నాకు తెలుసు. అందుకే ఆ మధ్యాహ్నమే బస్సెక్కి వెళ్లి యజమానినే అడిగాను. ఆయన అవునని అనలేదు, కాదనీ అనలేదు. “ఎవరు ఆర్డరిచ్చినా పని చేస్తాం సార్, మాకు అందరూ కస్టమర్లే” అన్నాడు. ఒక ఊరి రెండు పక్షాలకూ మైకు ఆటో అమ్మితే తప్పు లేదు. కానీ ఒక ఇంటి పరువును ఇంకో ఇంటికి అమ్మడానికి సిద్ధపడినవాడు, కొన్నవాడి పరువును కూడా అదే ధరకు అమ్ముతాడు. మా మేనల్లుడికి ఈ విషయం నా ఉపన్యాసం కన్నా ఆ కాగితమే బాగా చెప్పింది.

రిటర్నింగ్ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాం, రసీదు తీసుకున్నాం. ఎన్నికల నియమావళి ప్రకారం ప్రత్యర్థి విధానాలను, పనితీరును విమర్శించవచ్చు, వ్యక్తిగత జీవితాన్ని విమర్శించకూడదు. అభ్యర్థి వ్యక్తిగత ప్రవర్తన గురించి అబద్ధమని తెలిసి ప్రచురించడం అప్పటి శిక్షాస్మృతిలో 171-జి కింద నేరం, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో అది 175వ సెక్షన్. అయితే దానికి శిక్ష జరిమానాతో సరి. పరువునష్టానికి రెండేళ్ల వరకు జైలు ఉన్నది, కానీ దానికి ముద్దాయి ఎవరో తెలియాలి. పేరు లేని కాగితానికి ముద్దాయిని వెతికేలోగా 17వ తేదీ వచ్చింది, ఉదయం ఆరున్నర నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు పోలింగ్ జరిగింది, సాయంత్రమే గులాబీ రంగు బ్యాలెట్లు లెక్కపెట్టడం కూడా అయిపోయింది. మా అమ్మాయి కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయింది. ఆ కరపత్రమే ఓడించిందని నేను అనను, ఊరిలో ఓట్లు పడటానికి నూరు కారణాలుంటాయి. ఓటమి నెల రోజులకు మరుగున పడింది. ఆ కాగితం మరుగున పడలేదు. బడిలో ఆమె కొడుకును ఇంకో పిల్లవాడు ఆ కాగితంలోని మాటతో పిలిచిన సంగతి మాకు వేసవి సెలవుల్లో గానీ తెలియలేదు.

వాట్సాప్ గురించి ఒక్క మాట. చాలాసార్లు ఫార్వర్డ్ అయిన సందేశాన్ని ఒకసారికి ఒక చాట్‌కు మాత్రమే పంపగలిగేలా 2020 ఏప్రిల్‌లో ఆ సంస్థ కట్టడి పెట్టింది. దుకాణంవారు దాన్ని దాటే పద్ధతిని కూడా గొప్పగానే చెప్పారు: ఫార్వర్డ్ చేయకుండా వేర్వేరు ఫోన్ల నుంచి ప్రతిసారీ కొత్త సందేశంగా పెడతారట. చాలాసార్లు ఫార్వర్డ్ అయినట్టు చూపే రెండు బాణాల గుర్తు లేదు కదా అని ఊరి గ్రూపులో వచ్చినదాన్ని నమ్మేవారు ఇది గుర్తుంచుకోవాలి.

ఎదుటివారిని విమర్శించనే కూడదని నేను అనడం లేదు. విమర్శ లేని ఎన్నిక ఎన్నికే కాదు. మా ప్రత్యర్థి కుటుంబం 2013 నుంచి 2018 దాకా పంచాయతీని నడిపింది. ఆ తరువాత 2021 దాకా ప్రత్యేకాధికారుల పాలనే కనుక, వారిని అడగవలసిన లెక్కలన్నీ ఆ ఐదేళ్లవే. ఆర్థిక సంఘం నిధులతో వేసిన బోరు ఎక్కడ, ఎస్సీ కాలనీకి పైపులైను ఎందుకు సగంలో ఆగింది, గ్రామసభలు ఎన్ని జరిగాయి, తీర్మానాల మీద సంతకాలు ఎవరివి. ఇవి అడిగితే ఎదుటివారు జవాబు చెప్పవచ్చు, మా మాట తప్పయితే నిరూపించవచ్చు. ఇటువంటి కరపత్రం తయారు చేయడానికి దుకాణం సాయం చేస్తుందా అని నేను మొదటి రోజే అడిగాను. “అవన్నీ ఎవరు చదువుతారు సార్” అని తీసిపారేశారు. అసలు కారణం వేరే ఉందని నా అభిప్రాయం. పంచాయతీ రికార్డులు సంపాదించడానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలి, ముప్పై రోజులు వేచి చూడాలి, లెక్కలు అర్థం చేసుకోవాలి. ఒక ఆడమనిషి గురించి అబద్ధం రాయడానికి పావుగంట చాలు. అందుకే పోటీ చేయదలచినవారు నోటిఫికేషన్ కోసం ఎదురుచూడకుండా, ఆ దరఖాస్తు ఇప్పుడే పెట్టుకోవాలి.

మేనల్లుడి ఐదు వేలు తిరిగి రాలేదు. డిజైను పని మొదలుపెట్టాం కనుక అడ్వాన్సు వెనక్కి ఇవ్వం అన్నారు, రసీదు అడిగితే ‘స్పెషల్’కు రసీదులు ఉండవు అన్నారు. ఆ డబ్బు మేము ఇవ్వకూడని పనికి ఇచ్చినది కనుక నేను గట్టిగా అడగలేకపోయాను. ఏ ఇంటివారికైనా ఇదే ఇబ్బంది వస్తుందని ఆ దుకాణంవారికి బాగా తెలుసు.

ఈసారి మా మేనకోడలు మళ్లీ నిలబడాలా వద్దా అని ఇంకా తేల్చుకోలేదు. అయినా పోయిన వారం పాతవూరిలో ఒక చిన్న ప్రెస్సుకు వెళ్లి రేట్లు అడిగి వచ్చాను. రెండు వేల ప్రతులకు మునుపటి దుకాణం కన్నా ఎక్కువే చెప్పాడు, మైకు ఆటో తన దగ్గర లేదన్నాడు. ఎన్నికల కరపత్రం అనగానే సొరుగులోంచి ప్రకటన ఫారం తీసి నా ముందు పెట్టి, మిమ్మల్ని ఎరిగిన ఇద్దరిని వెంటబెట్టుకుని రండి, వారి సంతకాలు లేనిదే ప్రూఫు కూడా తీయను అన్నాడు.