పడవ సీట్లకు ఆటోనగర్ మాస్టారు: అయిదుకు నాలుగు స్టార్లు

ఆ ఒక్క స్టారు ఎందుకు తగ్గించానో తరువాత చెబుతాను. ముందు పాత సీట్ల గోడు వినాలి.

విజయవాడలో పున్నమి ఘాట్ వైపు మాకు ఒక చిన్న ఫైబర్ పడవ ఉంది. నడిపేది మా వారు, లెక్కలు చూసేది నేను. అందులో ఆరు బెంచీలు. ఒక్కో సీటు నాలుగడుగుల పొడవు, పదహారు అంగుళాల వెడల్పు. 2023లో వాటిని ఇళ్లకు సోఫాలు చేసే ఒక దుకాణంలో కుట్టించాము. మెరిసే మెరూన్ రెక్సిన్, లోపల మెత్తటి స్పాంజి. పెళ్లి మండపంలో వధూవరుల కుర్చీల్లా ఉండేవి. ఆ వైభోగం ఏడాది కూడా నిలవలేదు. మే నెల మధ్యాహ్నం కూర్చున్నవాళ్లు అంతే వేగంగా లేచేవాళ్లు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలిన వరదప్పుడు సీట్లన్నీ విప్పి, షెడ్డులో పెట్టి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పాము. మళ్లీ తీసేసరికి నల్లటి బూజు, ముక్కు మూసుకోవలసిన వాసన. ఒక్కో సీటు తడిసిన పరుపంత బరువు.

మా నాన్న గాంధీనగర్‌లో దర్జీ. బట్ట కంటే ముందు దారం చూడమనేవారు. విడిపోయిన కుట్టు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో అంటించాను. కాగితం కాలిన వాసన, వేళ్లకు బూడిద. నూలు దారం! రెక్సిన్ చాలావరకు బాగానే ఉంది, దాన్ని పట్టుకోవలసిన దారమే కుళ్లింది. అడుగున చెక్కకు కొట్టిన పిన్నులు తుప్పు పట్టి ముట్టుకుంటే రాలుతున్నాయి. సముద్రం మీద తిరిగే పడవ అయితే ఉప్పునీటి మీద నెపం వేయవచ్చు. మాది మంచినీటి కృష్ణ.

ఈసారి ఆటోనగర్ వెళ్లాను. బోర్డు మీద పేరు ఎప్పుడో చెరిగిపోయిన షెడ్డు, ముందు బస్సు సీట్లు గుట్టగా పేర్చి ఉన్నాయి. సోఫా దుకాణంవారు మొదట అడిగింది ఏ రంగు కావాలని. ఈ మాస్టారు అడిగింది వేరు: "రాత్రిపూట సీట్లు ఎక్కడ ఉంటాయమ్మా? పడవలోనా, ఇంట్లోనా?" అప్పుడే సగం మనసు కుదిరింది.

రెక్సిన్‌లోంచి నీరు దిగదు, సూది వేసిన ప్రతి రంధ్రంలోంచి దిగుతుంది, అది ఆయన లెక్క. మామూలు స్పాంజి ఆ నీటిని తాగి దాచుకుంటుంది. అందుకని కింద రెండు అంగుళాలు నీరు పీల్చని గట్టి ఫోమ్ వేశారు. దానిలో బుడగలు దేనికది మూసుకుని ఉంటాయి. పైన మాత్రం ఒక అంగుళం మెత్తటిది. అడుగు భాగానికి రెక్సిన్ బదులు వలబట్ట కుట్టి, చెక్కకు రంధ్రాలు పెట్టారు, దిగిన నీరు దిగినట్టే బయటికి పోవాలని. చెక్క ఐఎస్ 710 ముద్ర (నీటికి తట్టుకునే ప్లైవుడ్‌కు మన దేశ ప్రమాణం) ఉన్న మెరైన్ ప్లైవుడ్, పిన్నులు స్టెయిన్‌లెస్ స్టీలువి. పైబట్ట ఎండకు, బూజుకు తట్టుకునేలా తయారయ్యే మెరైన్ రెక్సిన్. మామూలు దానికి రెట్టింపు పైనే ధర. నేను గొణిగాను, కాని ఇచ్చాను.

దారం దగ్గర నేను మళ్లీ అగ్గిపెట్టె తీశాను. ఈసారి కరిగి చిన్న పూసలా ముద్ద కట్టింది. "దర్జీ బిడ్డవా అమ్మా?" అని నవ్వారాయన. నైలాన్ కూడా అలాగే కరుగుతుందని, అది ఎండకు త్వరగా బలం కోల్పోతుందని, తాను వేసేది పాలిస్టర్ అని తానే చెప్పి రీలు మీద అచ్చు చూపించారు. రంగు దగ్గర మాత్రం వాదన జరిగింది. నాకు ముదురు నీలం ఇష్టం. "బెజవాడ ఎండలో అది పెనం అవుతుంది" అని లేత బూడిద రంగు తీశారు. ఆయనదే గెలుపు.

ఆరు సీట్లకు 18,600 రూపాయలు అయింది. ఏడాది దాటింది. ఒక్క కుట్టు విడలేదు. బాగా మెత్తగా మాత్రం ఉండవు, "బల్ల మీద కూర్చున్నట్టుంది" అని ఒకరిద్దరు అన్నారు. అరగంట ప్రయాణానికి అది చాలు.

లేత రంగుకు అసలు పరీక్ష దసరాకు వచ్చింది. ఘాట్‌లో స్నానం చేసి తడి బట్టలతో, చేతినిండా పసుపు కుంకుమలతో ఎక్కుతారు. పసుపు మరకకు సబ్బు తగిలితే ఎర్రబడుతుంది, కంగారు పడకూడదు. కడిగి ఎండలో పెడితే రెండు మూడు రోజుల్లో వెలిసిపోతుంది. కుంకుమ అలా పోదు, ఆ సాయంత్రమే తుడవాలి. కొబ్బరినూనె కూడా అంతే, వదిలేస్తే రెక్సిన్ బిరుసెక్కుతుంది. మాకు సాయం చేసే కుర్రాడు ఒకరోజు బ్లీచింగ్ పౌడర్ పట్టుకుని వచ్చాడు, చేతిలోంచి లాక్కున్నాను. అది బూజుతో పాటు కుట్టునూ తింటుంది. గోరువెచ్చటి నీళ్లు, కాస్త సబ్బు, మెత్తటి బ్రష్, చివర పొడిగుడ్డ, ఇంతకు మించి వాడటం లేదు. రాత్రికి సీట్లు పక్కకు నిలబెడతాము. ప్లాస్టిక్ పట్టా మానేసి గాలి ఆడే కాన్వాస్ కప్పుతున్నాము.

ఇక తగ్గించిన స్టారు. ఉగాదికి ముందు ఇస్తానన్న సీట్లు ఉగాది వెళ్లిన పన్నెండో రోజున వచ్చాయి. సెలవుల గిరాకీలో కొంత పోయింది. ఫోను చేస్తే ప్రతిసారీ "రేపమ్మా". పైగా రెండు సీట్లకు ప్లాస్టిక్ జిప్పు అయిపోయిందని లోహపు జిప్పు వేసి, ఆ మాట చెప్పలేదు. వానాకాలం రాగానే అవి రెండూ పట్టేశాయి. అన్నీ అంత జాగ్రత్తగా చేసిన మనిషి జిప్పు దగ్గర ఎందుకు సరిపెట్టుకున్నారో! మీరు చేయిస్తే జిప్పు ఏదో ముందే చూసుకోండి.

నిన్న ఆ రెండూ ఆటోకు ఎక్కించి తీసుకెళ్లాను. డబ్బు అడగలేదు, రేపు ఇస్తానన్నారు.