బటన్ నొక్కకముందు సెకను: పిల్లల ఆటల ఫోటోలకి నేను వాడుతున్న కెమెరా

పిల్లల ఆటల ఫోటోల కోసం కెమెరా కొందామనుకునేవాళ్లు ముందు జూమ్ ఎంతని అడుగుతారు. దాని సంగతి తర్వాత చెప్తాను. షాపుకి వెళ్లినప్పుడు నేను అడగమనేది మాత్రం ఒక్కటే: నేను బటన్ నొక్కకముందు జరిగింది కూడా ఇందులో పడుతుందా?

నా దగ్గరున్నది పానసోనిక్ ఎఫ్‌జెడ్300. 2015లో వచ్చిన మోడల్, లెన్స్ విప్పి మార్చే పని లేని కెమెరా. అమలాపురం దగ్గర మా ఊరి హైస్కూల్లో మా అమ్మాయి ఖోఖో ఆడుతుంది, అబ్బాయి టౌన్లో షటిల్ నేర్చుకుంటున్నాడు. వీళ్లిద్దరి వెనక మండలం పోటీలనీ జిల్లా పోటీలనీ ఏళ్లతరబడి తిరుగుతూ దీన్ని వాడాను. మెగాపిక్సెల్స్, స్క్రీన్, వైఫై లాంటివి ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వదిలేస్తున్నాను. నాకు దీని మీద ఉన్న ప్రేమంతా 4కె ప్రీ-బర్స్ట్ అనే మోడ్ వల్లే.

ఆ మోడ్‌లో పెట్టి కెమెరాని ఆట వైపు తిప్పి ఉంచితే చాలు. సెకనుకి 30 ఫ్రేముల (అంటే 30 ఫోటోల) చొప్పున లోపల తీసుకుంటూ, పాతవి చెరిపేసుకుంటూ ఉంటుంది. మనం నొక్కగానే, నొక్కకముందు సెకనులోవి 30, తర్వాత సెకనులోవి 30 కలిపి దాచేస్తుంది. వాటిలో మనకి కావలసింది ఏరుకోవాలి.

ఖోఖో తెలిసినవాళ్లకి దీని విలువ చెప్పక్కర్లేదు. వరసలో ఎనిమిది మంది ఒకరు ఇటు, ఒకరు అటు తిరిగి కూర్చుని ఉంటారు. 'ఖో' ఎవరికి అందుతుందో, ఎవరు లేస్తారో ముందు తెలీదు. లేచిన పిల్ల నాలుగడుగుల్లో రన్నర్ మీదకి దూకేస్తుంది. కళ్లు చూసి వేలు నొక్కడానికి ఎంత చురుకైనవాళ్లకైనా సెకనులో అయిదో వంతు దాకా పడుతుంది. ఆ లోపు తాకడం, అవుట్ అవడం, విజిల్ వేయడం అన్నీ అయిపోతాయి. ఫోన్‌తో తీసిన రోజుల్లో మా దగ్గర పోగుపడినవన్నీ లేచి మోకాళ్లు దులుపుకుంటున్న పిల్లల ఫోటోలే.

ఒక జిల్లా పోటీ గురించి చెప్పాలి. అండర్-14 అమ్మాయిల మ్యాచ్, చివరి నిమిషాలు. ముందురోజు వాన పడటంతో గ్రౌండ్ ఆరీ ఆరకుండా ఉంది. మా జట్టులో ఒక పిల్ల ఉంది, సన్నగా ఉంటుంది, ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు. వాళ్లమ్మ కువైట్‌లో ఇంటి పనికి వెళ్లింది, ఇక్కడ అమ్మమ్మ పెంచుతోంది. ఆ పిల్లకి పోల్‌కి దగ్గర్లో ఖో అందింది. రన్నర్ పోల్ చాటు నుంచి తిరిగి తప్పించుకోబోతుంటే, ఒక చేత్తో పోల్ పట్టుకుని ఒళ్లంతా అడ్డంగా చాచి దూకింది. చుట్టూ అరుపులు. నేను బటన్ నొక్కేటప్పటికి విజిల్ కూడా మోగింది. ఇంక ఏం పడి ఉంటుందిలే అనుకున్నాను.

రాత్రి ఇంట్లో ఒక్కో ఫ్రేమూ వెనక్కి జరుపుతూ చూశాను. బురదలో పడి ఉన్న పిల్ల, దానికి ముందు నేలకి తగులుతున్న మోచెయ్యి, దానికి ముందు రన్నర్ మడమ మీద ఆనిన వేళ్లు. ఇంకొక్క ఫ్రేమ్ వెనక్కి జరిపితే, వేళ్లకీ మడమకీ మధ్య బెత్తెడు ఖాళీ, పిల్ల పూర్తిగా గాలిలో, కళ్లు విప్పార్చుకుని. నా కళ్లతో నేను చూడని క్షణం అది. వెంటనే వాళ్లమ్మకి పంపాను. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక, ఆవిడ పని ముగించుకుని చూసేటప్పటికి మాకు అర్ధరాత్రి దాటింది. ఫోన్ చేసి, "అక్కా, మా పిల్ల ఇంత ఎత్తు ఎగురుతుందా?" అని అడిగింది. వీడియో కాల్‌లో కూర్చుని మాట్లాడే కూతుర్నే తప్ప ఆడే కూతుర్ని ఆవిడ ఎప్పుడూ చూడలేదు. ఆ ఫ్రేమ్ 8 మెగాపిక్సెల్సే, అయినా 8×12 ప్రింట్ శుభ్రంగా వచ్చింది. అమ్మమ్మ ఫ్రేమ్ కట్టించుకుంది.

అప్పటి నుంచి పేరెంట్స్ అందరికీ ఇదే కొనమని చెప్తూ వచ్చాను. ఇప్పుడు చెప్పేటప్పుడు కొన్ని మాటలు కలుపుతున్నాను. ఆ మోడ్‌లో కెమెరా ఊరికే పట్టుకున్నా తీస్తూనే ఉంటుంది కాబట్టి బ్యాటరీ గబగబా దిగిపోతుంది, కెమెరా వేడెక్కుతుంది. రెండో బ్యాటరీ తప్పదు. మెమరీ కార్డు యూ3 రకం, అంటే వేగంగా రాసుకునేది, ఉండాలి. మామూలు ఫోటోలో కంటే ఇందులో పట్టే మేర కాస్త ఇరుకవుతుంది. అన్నిటికంటే, ఏరుకునే పని చాలా ఉంటుంది. ఆ ఓపిక లేకపోతే కార్డు నిండుతుంది గానీ ఫోటోలు బయటికి రావు.

జూమ్ కూడా అంతే. 24 రెట్లని నేనూ గొప్పగానే చెప్పాను. ఖోఖో కోర్టు పొడవు 27 మీటర్లు, వెడల్పు 16. గీత పక్కన నిలబడితే అందులో సగం జూమ్ కూడా వాడను. అసలు మెచ్చుకోవలసింది ఎంత జూమ్ చేసినా ఎఫ్2.8 దగ్గరే ఆగే లెన్స్‌ని (ఎఫ్ పక్క అంకె ఎంత చిన్నదైతే లోపలికి అంత ఎక్కువ వెలుతురు). జూమ్ చివర ఎఫ్5.6కి పడిపోయే లెన్స్ కంటే నాలుగు రెట్లు వెలుతురు లోపలికి వస్తుంది. అయితే ఇలాంటి కెమెరాల్లో సెన్సర్, అంటే వెలుతురుని పట్టి బొమ్మగా మార్చే భాగం, చిన్నది. నవంబర్‌లో సాయంత్రం కొబ్బరిచెట్ల నీడ గ్రౌండ్ మీదకి వచ్చాక, షటర్ వేగం 1/500 సెకను కంటే తగ్గించకుండా తీస్తే మొహాల్లో గరుకుదనం తెలుస్తుంది.

ఇక షటిల్. బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్ సాయిరాజ్ పుట్టిన ఊరు కదా, అమలాపురం పిల్లలకి ఈ ఆటంటే ప్రాణం. కానీ లోపలి కోర్టులో నా ముద్దుల మోడ్ పనికిరాలేదు. అది ఎలక్ట్రానిక్ షటర్‌తో బొమ్మని వరసలవారీగా చదువుతుంది కాబట్టి, స్మాష్ కొట్టేటప్పుడు రాకెట్ విల్లులా వంగి పడుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, కొన్ని రకాల లైట్లు సెకనుకి వంద సార్లు మినుకుతాయి. కంటికి తెలీదు, ఫోటోలో అడ్డంగా నల్ల చారలు కనిపిస్తాయి. షటర్ 1/100కి దించితే చారలు పోతాయి, చెయ్యి అలుక్కుపోతుంది. అందుకని మా అబ్బాయి ఆటకి మామూలు మోడ్‌లోనే, సర్వీస్ చేసేటప్పుడో నెట్ దగ్గర ఒక్క క్షణం ఆగినప్పుడో తీస్తున్నాను. వాడి స్మాష్ ఫోటో ఒక్కటి కూడా సరైనది లేదు, ఆ వెలితి నాకుంది.

చిన్న జల్లుకి దీనికేమీ కాదు, అలాగని వానలో తడపకూడదు. మన డెల్టా చెమ్మకి ఏ లెన్స్‌లోనైనా ఫంగస్ రావచ్చు. నేను మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి అందులో పెడుతున్నాను. ఇప్పటిదాకా రాలేదు.

మీ పిల్లలు పగటివేళ ఆరుబయట ఖోఖో, కబడ్డీ, లాంగ్‌జంప్ లాంటివి ఆడేవాళ్లయితే, రాత్రి కూర్చుని ఏరుకునే తీరిక మీకుంటే, ఇది మంచి స్థితిలో ఎక్కడ కనిపించినా చూడమంటాను. లోపల ఆడే ఆటలే అయితే ఇది వద్దు. ఇదే పని ఒలింపస్‌లో ప్రో క్యాప్చర్, ఫుజిలో ప్రీ-షాట్, నికాన్‌లో ప్రీ-రిలీజ్ క్యాప్చర్ అనే పేర్లతో కొన్ని మోడల్స్‌లో ఉంది. వాటిలో చాలావాటి సెన్సర్లు పెద్దవి, కానీ వాటికి లెన్స్ వేరే కొనాలి, మా ఇంటి ఖర్చులకి అది ఇప్పట్లో కుదరదు. వాడినది కొంటుంటే మాత్రం, డబ్బులిచ్చే ముందు అక్కడే ప్రీ-బర్స్ట్ పెట్టి, ఓ పది నిమిషాలు ఆన్‌లో ఉంచి బ్యాటరీ ఎంత దిగిందో చూసుకోండి. లెన్స్‌లోకి టార్చ్ వేసి లోపల దారప్పోగుల్లాంటి ఫంగస్ మచ్చలున్నాయేమో కూడా చూడండి.