బులెటిన్ చూసి వెళ్లాలా, మంచు తవ్వి చూడాలా?

వాలు మీద మంచుచరియలు జారే ముప్పు ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి? బెంగళూరు నుంచి చలికాలంలో హిమాలయ ట్రెక్‌కి బయల్దేరే మనవాళ్లకు ఏటా వచ్చే సందేహమే ఇది.

ఖర్చు: చండీగఢ్‌లోని డీజీఆర్ఈ (డీఆర్‌డీఓ పరిశోధన సంస్థ) ఇచ్చే మంచుచరియల హెచ్చరిక బులెటిన్ ఉచితం. తవ్వాలంటే పార, మంచు రంపం, వాటితోపాటు శిక్షణ కావాలి.

శ్రమ: బులెటిన్‌కి రెండు నిమిషాలు. మంచులో గొయ్యి తవ్వి పరీక్షించడానికి అరగంట పైనే. మీరు దాటబోయే వాలులాంటిదే, కానీ జారినా ముప్పులేని చోట తవ్వాలి. గొయ్యి గోడలో 30 సెంటీమీటర్ల చదరపు మంచు స్తంభాన్ని వేరుచేసి, మీద పార రేకు పెట్టి, మణికట్టుతో 10, మోచేతితో 10, భుజంతో 10 సార్లు తట్టాలి. తొలి దెబ్బలకే పొర నున్నగా జారిపోతే వెనక్కి తిరగండి.

ప్రమాదం: బులెటిన్ జిల్లా మొత్తానికి చెబుతుంది, మీ వాలు సంగతి దానికి తెలియదు. గొయ్యి ఆ ఒక్క చోటు గురించే చెబుతుంది. పది మీటర్ల అవతల గాలి పేర్చిన మంచు కింద బలహీన పొర ఉండొచ్చు. కాబట్టి గొయ్యి ఫలితం ఆగడానికి సాక్ష్యం, వెళ్లడానికి అనుమతి కాదు. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే.

గైడ్‌తో వెళ్లే కొత్తవారికి బులెటిన్ చాలు: అందులో ఆరెంజ్ రంగు హెచ్చరిక ఉంటే 30 డిగ్రీలు దాటిన వాలునూ, దాని కింది దారినీ వదిలేయండి. సొంతంగా వెళ్లే, శిక్షణ పొందినవారికి రెండూ కావాలి. భారీగా మంచు కురిసిన తర్వాత తొలి రెండు రోజులు మాత్రం ఎవరైనా క్యాంపులోనే ఆగాలి.