రెండో రిమోట్ పట్టుకున్నదాన్ని చెబుతున్నా: పాతికేళ్ళు దాటిన మా క్యాసెట్ వీడియో గేమ్

మా ఇంట్లో ఒక వీడియో గేమ్ పెట్టె ఉంది. 1998 దసరాకి నాన్నకి రైల్వే బోనస్ వచ్చినప్పుడు బెజవాడ బీసెంట్ రోడ్డులో 1,200 రూపాయలు పెట్టి కొన్నారు. మధ్యలో చాలా ఏళ్ళు అటక మీద ఉంది, మళ్ళీ దిగింది, ఇవాళ్టికీ పనిచేస్తోంది. ఈమధ్య తెలిసినవాళ్ళు నలుగురైదుగురు "మా పిల్లలకి ఆ పాత క్యాసెట్ గేమ్ కొనిపెట్టాలని ఉంది, కొనొచ్చా?" అని అడిగారు. విడివిడిగా చెప్పేకన్నా ఒకచోట రాసిపెడితే మంచిదనిపించింది.

పెట్టె మీద కంపెనీ పేరు లేదు. జపాన్‌లో నింటెండో 1983లో తెచ్చిన ఫ్యామిలీ కంప్యూటర్‌కి ఇది నకలు. ఆ అసలుదాన్ని చూసినవాళ్ళు మా వీధిలో ఎవరూ లేరు, మాకు ఇదే అసలు. పైన క్యాసెట్ దూర్చే గాడి, పవరు, రీసెట్టు, పెట్టెకి అతికే ఉన్న రెండు రిమోట్లు, ఒక గన్ను, 9 వోల్టుల అడాప్టరు, టీవీకి వెళ్ళే వైరు. అప్పట్లో తెల్లగా మెరిసిన ప్లాస్టిక్కు ఇప్పుడు పాత పుస్తకం కాగితం రంగుకి తిరిగింది. విప్పి చూస్తే అంత పెట్టెలోనూ ఉన్నది అరచేయంత బోర్డు, దాని మీద తారు చుక్క వేసినట్టు నల్లగా ఒక బొట్టు. ఆ బొట్టు కిందే చిప్పు.

అన్నిటికన్నా ముందు రెండో రిమోట్ సంగతి చెప్పాలి. పదిహేనేళ్ళ వయసు వచ్చేదాకా నా చేతిలో ఉన్నది అదే. మొదటిది అన్నయ్యది. రెండో రిమోట్‌కి స్టార్ట్, సెలెక్ట్ బటన్లు ఉండవు. ఆట మొదలుపెట్టాలన్నా, మధ్యలో ఆపాలన్నా మొదటి రిమోట్ ఉన్నవాళ్ళ దయే. నాకు దాహం వేస్తే అన్నయ్య ఆపాలి. మారియో ఆటలో అయితే తన బొమ్మ మారియో చచ్చేదాకా నా బొమ్మ లూయిజీకి వంతు రాదు. తన చెయ్యి తిరిగాక నేను అరగంటకి పైగా చూస్తూ కూర్చునేదాన్ని. ఏడ్చిన రోజులున్నాయి. కానీ ఆ చూడటంలోనే ఏ ఇటుకలో పుట్టగొడుగు ఉందో, ఏ గొట్టంలోకి దిగితే కింద నాణేల గది వస్తుందో, రెండో స్టేజిలో పైకప్పు ఎక్కి పరిగెత్తితే ఏకంగా నాలుగో లోకానికి ఎలా పోవచ్చో అన్నీ నాకు కంఠస్థం అయ్యాయి. "అన్నయ్యా, ఇక్కడ ఎగురు, కనపడని ఇటుకుంది" అని నేననడం, తను ఎగరడం. ఆడుతున్నది ఒకరే అయినా ఆట ఇద్దరిదీ.

కాంట్రా అనే తుపాకుల ఆట దగ్గరికొస్తే ఇద్దరం ఒకేసారి తెర మీదుండేవాళ్ళం. మూడు లైఫ్‌లతో మొదటి స్టేజి దాటడమే గగనం. ఎవరో తెచ్చిన కిటుకుని అన్నయ్య ఎక్కంలా బట్టీపట్టాడు: పైకి, పైకి, కిందకి, కిందకి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బీ, ఏ. అది సరిగ్గా పడితే 30 లైఫ్‌లు. అయినా మూడో స్టేజి, ఆ జలపాతం, మమ్మల్ని ఏడిపించింది. అక్కడ ఆట పక్కకి కాదు, పైకి సాగుతుంది. రాతి గట్ల మీద ఒక్కొక్కటిగా ఎగిరి ఎక్కాలి. పైనున్నవాడు తొందరపడి ఎక్కేస్తే తెర వాడితోపాటు పైకి జరుగుతుంది, కింద ఉన్నవాడి గట్టు తెర అంచు కిందకి మాయమై, వాడు చచ్చిపోతాడు. శత్రువు తూటా తగలక్కర్లేదు, తోడున్నవాడి తొందర చాలు. మొదట్లో అన్నయ్య ఎక్కేసేవాడు, నేను చచ్చేదాన్ని. నా లైఫ్‌లన్నీ అయిపోయాక ఆఖర్న వచ్చే పెద్ద శత్రువు, అదే బాస్, దగ్గర తను ఒక్కడే మిగిలి ఓడిపోయేవాడు. ఒకరోజు తనంతట తనే గట్టు మీద ఆగి "నువ్వు రా, నేనిక్కడ కాల్పులు చూసుకుంటా" అన్నాడు. ఆ రోజే జలపాతం దాటాం. తెర మీద పట్టుమని వేలెడంత కూడా లేని ఆ బొమ్మ ఆగి నిలబడటం నాకింకా కళ్ళకి కట్టినట్టుంది.

ఇంకొక మాట. మాది సత్యనారాయణపురం. ఇప్పుడు బీఆర్‌టీఎస్ రోడ్డంటున్న చోట అప్పుడు రైలు పట్టాలు. ఆ పట్టాలకి ఇవతల ఒక వీడియో గేమ్ షాపుండేది, గంటకి ఐదు రూపాయలు. మగపిల్లలతో కిటకిటలాడేది. అమ్మ నన్ను ససేమిరా పంపేది కాదు, మా వీధిలో ఏ అమ్మాయినీ ఎవరూ పంపలేదు. మా ఇంట్లో పెట్టె వచ్చాక సెలవుల్లో పొద్దున పదింటికల్లా మా వరండా నిండా అమ్మాయిల చెప్పులే. వంతుకి మూడు లైఫ్‌లని లెక్క. నాలాంటి ఆడపిల్లలు వీడియో గేమ్ ఆడటం నేర్చుకున్నది ఇంట్లోకి వచ్చిన ఇలాంటి చవక పెట్టెల వల్లే. వీటిని నకిలీ సరుకని తీసిపారేసేవాళ్ళు ఈ సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఇక మన్నిక. పెట్టె గట్టిదే, రిమోట్లే పాడవుతాయి. 1999 ఎండాకాలంలో నా రిమోట్‌లో బీ బటన్ నొక్కితే లోపలికి పోయి పైకి రావడం మానేసింది. కారణం నూజివీడు చిన్న రసాలు. రసం పీల్చిన చేతుల్తో ఆడొద్దని అమ్మ చెబుతూనే ఉంది. రెండ్రోజులకి రిమోట్ సందుల్లోంచి ఎర్రచీమలు బారు కట్టాయి. నాన్న వెనకున్న మరలు విప్పారు. లోపల బటన్ల కింద మెత్తటి రబ్బరు, దాని అడుగున గుండ్రటి నల్ల కార్బన్ బిళ్ళలు, వాటికి ఎదురుగా బోర్డు మీద దువ్వెన పళ్ళలా రెండు గీతల వరసలు. బటన్ నొక్కితే బిళ్ళ ఆ గీతల్ని కలుపుతుంది, అంతే, అదే నొక్కడం. మా బిళ్ళ మీద మామిడిరసం బెల్లంపాకంలా గట్టిపడి ఉంది. నాన్న తడిగుడ్డతో రబ్బరు తుడిచి, గీతల మీద పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఒక పూట నీడలో ఆరబెట్టి బిగించారు. అప్పట్నించీ ఇప్పటిదాకా ఎన్నిసార్లు విప్పానో లెక్కలేదు. పదకొండేళ్ళ మా అబ్బాయికి కూడా ఇప్పుడు విప్పి బిగించడం వచ్చు. ఈమధ్య కొన్న ఏ వస్తువునీ ఇంట్లో ఇలా విప్పి బాగుచేసుకునే వీల్లేదు. ఈ విషయంలో దీనికి నూటికి నూరు మార్కులు వేస్తాను.

క్యాసెట్లకి మాత్రం వెయ్యను. లేబుల్ మీద తొమ్మిదిలు వరసపెట్టి 99,99,999 ఆటలని ఉంటుంది. పెడితే ఐదారు ఆటలే, అవే పేర్లు మార్చి, మధ్య స్టేజి నుంచి మొదలుపెట్టి, మళ్ళీ మళ్ళీ చూపిస్తాయి. పిల్లల్ని అలా మోసం చెయ్యడం నాకు ఇప్పటికీ కోపమే. ఒక్కో ఆట ఉన్న క్యాసెట్లే కొనండి. ఇక బొమ్మ రాకపోతే పిన్నుల్లోకి ఊదడం అందరం చేశాం. అది తప్పు. నోటి తడికి రాగి పిన్నులు చిలుముపడతాయి. ఊదాక పనిచేసినట్టనిపించేది తీసి మళ్ళీ పెట్టడం వల్లే. మందుల షాపులో దొరికే స్పిరిట్‌లో దూది ముంచి తుడిస్తే చాలు.

వేడి గురించి. బెజవాడ మే నెలలో మనుషులమే నిలవలేం, ఈ పెట్టె కూడా నిలవదు. అడాప్టరు ఇచ్చే 9 వోల్టుల్ని లోపల ఒక చిన్న రెగ్యులేటర్ 5కి తగ్గిస్తుంది, మిగిలినదంతా వేడిగా పోతుంది. రెండు గంటలు దాటితే తెర మీద అక్షరాలు చిందరవందర అవుతాయి. గచ్చు నేల మీద పెట్టి ఆడితే కొంత నయం. కరెంటు పోతే ఆట మొత్తం పోయినట్టే, మళ్ళీ మొదటి నుంచి. మారియోలో 8 లోకాలు, లోకానికి 4 చొప్పున 32 స్టేజిలు. ఒక మధ్యాహ్నం అన్నయ్య ఎనిమిదో లోకం మూడో స్టేజిలో ఉండగా కోత పెట్టారు. ఆ సాయంత్రం తను అన్నం తినలేదు. వీడియో గేమ్ ఆడితే పిక్చర్ ట్యూబ్ పోతుందని పక్కింటివాళ్ళు అమ్మని భయపెట్టేవాళ్ళు. మా టీవీకి ఏమీ కాలేదు. కాకపోతే పాజ్‌లో పెట్టి భోజనానికి పోవడం మంచిది కాదు, కదలని బొమ్మ గంటల తరబడి ఉంటే ట్యూబ్ మీద మరక నిలిచిపోతుంది.

ఈ సమీక్షలో కొనేవాళ్ళు తప్పకుండా చదవాల్సింది గన్ను సంగతి. బాతుల ఆట ఎల్‌ఈడీ టీవీలో పనిచెయ్యదు. గన్ను చెడిపోయిందని పారెయ్యకండి. మీట నొక్కగానే ఒక్క క్షణం తెరంతా నల్లబడి, బాతు ఉన్నచోట మాత్రం తెల్లటి చదరం వెలుగుతుంది. గన్ను మూతిలో ఉన్న కన్ను ఆ వెలుగు కోసం చూస్తుంది, కనబడితే బాతు పడుతుంది. అంటే తూటా గన్నులోంచి టీవీకి పోవడం లేదు, టీవీ నుంచి వెలుగే గన్నులోకి వస్తోంది. పాత ట్యూబ్ టీవీ ఆ వెలుగుని అప్పటికప్పుడు చూపిస్తుంది. కొత్త టీవీ బొమ్మని లోపల సర్దుకుని చూపించేసరికి ఆలస్యమవుతుంది, గన్ను చూసే క్షణం దాటిపోతుంది. నాకిది తెలిసింది ముప్పై ఏళ్ళు వచ్చాక. చిన్నప్పుడు గన్ను మూతిని తెరకి ఆనించి కాల్చేదాన్ని, అదెందుకు తప్పేది కాదో అప్పుడర్థమైంది.

వేగం కూడా ఒక విషయం. జపాన్, అమెరికా టీవీలు బొమ్మని సెకనుకి 60 సార్లు గీస్తే మన టీవీలు 50 సార్లు గీస్తాయి. ఈ ఆటల నడక ఆ లెక్క మీదే. మా అబ్బాయి ఫోన్‌లో ఎవరో అమెరికాలో ఆడిన మారియో చూసి "అమ్మా, వాళ్ళది పరిగెడుతోంది, పాట కూడా తొందరగా వస్తోంది" అన్నాడు. ముందు నమ్మలేదు, పక్కపక్కన పెట్టి చూశాను. నిజమే. మేం పెరిగింది కాస్త నిదానపు మారియోతో. నాకు మాత్రం మా పాటే సరైన పాట.

2020 లాక్‌డౌన్‌లో పెట్టె అటక దిగింది. అప్పటికి ఇంట్లో రెండు ఫోన్లు, ఒక ట్యాబ్. క్లాసులవ్వగానే పిల్లాడు ఆ మూల, అప్పుడప్పుడే నడక దాటిన పాప ఈ మూల, ఎవరి తెర వాళ్ళది. తర్వాతి ఏళ్ళలోనూ అంతే. ఒక సాయంత్రం పాప తన ఆటలో ఓడి వెక్కివెక్కి ఏడుస్తోంది, రెండడుగుల దూరంలో ఉన్న అన్నకి వినపడలేదు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. వాడి తప్పని నేననను. ఆ ఆటకి పక్కవాళ్ళతో పనే లేదు. పైగా రాత్రి పదింటికి "మీ బహుమతి సిద్ధంగా ఉంది, రండి" అని అదే పిలుస్తుంది, నాణేలు కొనమంటుంది. మా పెట్టె పాతికేళ్ళలో ఒక్కసారీ మమ్మల్ని పిలవలేదు, కొన్న రోజు తర్వాత ఒక్క రూపాయి అడగలేదు.

ఇద్దర్నీ కాంట్రాకి కూర్చోబెట్టిన మొదటి వారం రోజూ గొడవే. జలపాతం దగ్గర పిల్లాడు ఎక్కేశాడు, పాప చచ్చింది, రిమోట్ విసిరింది. నేనేమీ చెప్పలేదు, చెప్పాలని నోటిదాకా వచ్చినా ఆపుకున్నాను. పన్నెండో రోజో పదమూడో రోజో వంటింట్లో పోపు వేస్తుంటే ముందుగదిలోంచి వినపడింది: "అమ్మలూ, కంగారు పడకు, నేను ఆగాలే. నువ్వు ఎగురు."

కొనాలనుకునేవాళ్ళకి. హెచ్‌డీఎంఐతో వచ్చే కొత్త చిన్న స్టిక్కులు నేనూ ఒకటి తెప్పించాను. బొమ్మ స్పష్టంగా ఉంటుంది, వైర్ల బెడద లేదు. కానీ నొక్కినదానికీ ఎగిరినదానికీ మధ్య చిన్న ఆలస్యం ఉంది, గోతి అంచున ఎగిరేటప్పుడు ప్రాణం తీస్తుంది. మూణ్ణెల్లకి ఒక రిమోట్ ఛార్జింగ్ ఎక్కడం మానేసింది, విప్పితే అతుకులే, మరలు లేవు. పాత పెట్టె దొరికితే అదే తీసుకోండి, రెండో రిమోట్ అన్ని బటన్లూ పనిచేస్తున్నాయో లేదో షాపులోనే నొక్కి చూడండి. ఒక్క రిమోట్ పనిచేసే పెట్టె సగం ధరకిచ్చినా వద్దు. అడాప్టరు విడిగా కొంటే 9 వోల్టులని మాత్రమే చూడకండి, పిన్నులో ప్లస్ లోపలుందా బయటుందా పాతదానితో పోల్చుకోండి, తేడా వస్తే చిప్పు కాలుతుంది.

ట్యూబ్ టీవీ దొరకడమే కష్టం. సింగ్‌నగర్‌లో మాకు టీవీ బాగుచేసే బాబాయి దగ్గర మొన్నటిదాకా ఐదారు పాతవి ఉండేవి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు అవన్నీ మునిగాయి. ఇప్పుడు ఆయన షాపులో ఒక్కటీ లేదు. ఎక్కడైనా దొరికితే వెనక డబ్బా మాత్రం మీరు విప్పకండి, స్విచ్చు తీసేశాక కూడా ట్యూబులో ప్రమాదకరమైన వోల్టేజి నిలిచి ఉంటుంది. అది తెలిసినవాళ్ళ పని.

మొన్న సంక్రాంతికి అన్నయ్య పూణె నుంచి వచ్చాడు. నేను మొదటి రిమోట్ ఇవ్వబోతే అక్కర్లేదని రెండోది తీసుకున్నాడు. ఆరో స్టేజిలో తన బీ బటన్ మళ్ళీ పట్టేసింది. ఈ ఆదివారం విప్పాలి, పెన్సిల్ రబ్బరు తీసి పెట్టమని అబ్బాయికి చెప్పాను.