వ్యాన్‌లో వంటకి ఏది మేలు: ఇంటి బండా, చిన్న బండా, బ్యూటేన్ డబ్బానా, ఇండక్షనా?

వ్యాన్‌లో వెనక సీట్లు తీయించి, పరుపులు వేయించుకుని శ్రీశైలమో అరకో బయల్దేరాలనుకునేవాళ్లకి మొదట వచ్చే ప్రశ్న వంట సంగతే. ఇంట్లో ఉన్న గ్యాస్ బండే ఎక్కించేద్దాం అనేస్తారు చాలామంది. నేనైతే వద్దనే అంటాను.

14.2 కిలోల బండ ఖాళీగానే పదిహేను కిలోల దాకా తూగుతుంది. ఎప్పుడూ నిటారుగానే ఉండాలి, పడుకోబెడితే ఆవిరికి బదులు ద్రవం పైపులోకి వస్తుంది. వ్యాన్‌లో దాన్ని కదలకుండా కట్టడం కష్టం, పైగా అది ఇంటి వాడకానికి ఇచ్చిన బండ, కిరాయికి తిప్పే బండిలో వాడితే చట్టం కూడా ఒప్పుకోదు.

నా ఓటు 5 కిలోల చిన్న బండకే. చాలా పెట్రోల్ బంకుల్లో గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు. ఒక్క బర్నర్ మీద పాతిక గంటల దాకా వస్తుంది, అంటే వారం రోజుల ప్రయాణంలో అన్నం, చారు, ఒకపూట చేపల పులుసు కూడా నిశ్చింతగా వండుకోవచ్చు.

అయితే ఏ బండ అన్నదాని కంటే ఎక్కడ పెట్టి వెలిగిస్తున్నారన్నదే ముఖ్యం. వంట గ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే పైకి పోదు, కిందికి దిగి సీట్ల కింద, పరుపుల కింద చేరి కూర్చుంటుంది, మీరు పైన కిటికీ తెరిచి గాలి ఆడుతోందిలే అనుకుంటూ ఉంటారు. అమెరికాలో ఆర్‌వీల్లో (ఇల్లులా అమర్చుకున్న ప్రయాణపు బండ్లు) ప్రొపేన్ అనే వంట గ్యాస్ బండల్ని బండి ముందుభాగాన బయటో, లేదంటే లోపలికి దారిలేకుండా బయటికి మాత్రమే గాలి ఆడే అరలోనో పెట్టేది అందుకే. మీరూ అలాంటి అర చేయించండి, దాని అడుగున కచ్చితంగా రంధ్రాలుండాలి, గ్యాస్ అలారం కూడా నేలకి దగ్గరగా బిగించాలి. బండి కదిలే ముందు రెగ్యులేటర్ ఆపేయాలి. పైపు కీళ్ల దగ్గర సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడటానికి రెండు నిమిషాలు చాలు. మదురైలో 2023 ఆగస్టు 26న ఆగి ఉన్న టూరిస్టు బోగీలో, నిబంధనలకి విరుద్ధంగా తెచ్చిన గ్యాస్ బండ వల్ల మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. అలాంటి ఇరుకు చోటే మన వ్యాను కూడా.

వీలైనంతవరకు పొయ్యి బయటే పెట్టుకోండి. నవంబరు వానల్లో కావలి దగ్గరో ఒంగోలు దగ్గరో హైవే పక్కన ఆగి, తలుపులన్నీ బిగించి వండితే ఇంకో ప్రమాదం, మంట నుంచి పుట్టే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు. లీకైన గ్యాస్‌కైనా వాసన ఉంటుంది గానీ దీనికి అదీ ఉండదు.

బ్యూటేన్ డబ్బా స్టవ్ టీ వరకే. 220 గ్రాముల డబ్బా పెద్ద మంట మీద గంట, గంటన్నర వస్తుందేమో. వెడల్పు గిన్నె పెడితే వేడి డబ్బా మీదికి కొడుతుంది, అది మంచిది కాదు. 50 డిగ్రీలు దాటిన చోట ఉంచొద్దని డబ్బా మీదే రాసి ఉంటుంది, మన రోహిణి కార్తె ఎండలో అద్దాలు మూసిన బండి లోపల ఆ వేడి అవలీలగా దాటిపోతుంది. అందుకే ఏప్రిల్, మే నెలల్లో ఈ డబ్బాలు బండిలో వదిలి గుడికి వెళ్లకండి.

ఇండక్షన్‌లో లీకు భయం లేదు, అది నిజమే. కానీ 1500 వాట్ల స్టవ్ 12 వోల్టుల బ్యాటరీ నుంచి 125 ఆంపియర్ల పైనే లాగుతుంది. 150 ఏహెచ్ (ఆంపియర్-గంటల) ట్యూబులర్ బ్యాటరీని, అంటే ఇళ్లలో ఇన్వర్టర్‌కి పెట్టే రకాన్ని, సగానికి మించి ఖాళీ చేయకూడదు కాబట్టి అరగంట వంటతో సరి. రాత్రి బస చేసేచోట కరెంటు ప్లగ్గు దొరికితే మాత్రం తప్పకుండా అదే వాడండి, దోర్నాల దాటాక నల్లమల అడవిలో పొయ్యి పని పెట్టుకోకూడదు కాబట్టి పొద్దున్నే పులిహోర కలిపి పెట్టుకోవడానికి బాగా పనికొస్తుంది.

చిన్న బండ కొనేటప్పుడు పైన పట్టీ మీద అక్షరం, అంకె చూడండి. సి అంటే ఏడాదిలో మూడో మూడు నెలలు, కాబట్టి సి-27 అని ఉంటే 2027 సెప్టెంబరు దాకా పరీక్ష గడువు ఉన్నట్టు. గడువు దాటింది ఇస్తే తీసుకోకుండా వేరేది అడగండి. లీకేజీకి ఫోన్ నంబరు 1906, వ్యాన్ తలుపు లోపలివైపు పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోండి.